డాలు మీద ఏం గీయాలి

ముప్పై ఆరేళ్ళు నేను పరాయి కుటుంబాల గుర్తులు గీశాను. మలాయి దేశంలో ఇపో పట్టణం మార్కెట్టు వెనక వీధిలో ఉన్న ఒక చెక్కుడు దుకాణంలో నా ఉద్యోగం. ఇత్తడి పలకలు, స్కూలు బ్యాడ్జీల అచ్చులు, క్లబ్బుల షీల్డులు, సమాధి రాళ్ళు అక్కడ తయారయ్యేవి. నేను కాగితం మీద గీసేదాన్ని. మా ఆయన అప్పన్న దాన్ని లోహం మీదో రాయి మీదో చెక్కేవారు. ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని పని చేశాం. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది.

ఆ దుకాణంలో ఇప్పుడు ముగ్గురు కొత్తవాళ్ళు చేరారు. కంప్యూటరు మీద గీసి యంత్రంతో చెక్కుతారు. మొన్న నన్ను చూడడానికి వచ్చి, "ఈ పనిలో అసలు నేర్చుకోవలసినది ఏంటి ఆంటీ?" అని అడిగారు. టీ చల్లారిపోయేదాకా ఆలోచించినా నోటికి సరైన జవాబు రాలేదు. అందుకే రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ క్లబ్బు వాళ్ళు నాకు శాలువా కప్పారో మీకు అక్కర్లేదు. పని మానేశాక ఈ ఏడాది చేసిన ఒక్క పని గురించి చెబుతాను. అది అర్థం కావాలంటే అంతకు ముందు చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి.

ఆ పని ఇది. తెలుక్ ఇంటాన్ దగ్గర మా ఆయన పుట్టిన రబ్బరు ఎస్టేటు అమ్ముడుపోయింది. అక్కడ పనిచేసి పోయిన మన తెలుగువాళ్ళని పూడ్చిన స్థలం ఖాళీ చెయ్యాలి. అస్థులు తీసి పట్టణంలోని శ్మశానంలో ఒకచోట పెడతారు. పైన ఒకే ఒక పెద్ద రాయి ఉంటుంది. దాని మీద అందరి పేర్లు, పేర్లకి పైన ఒక గుర్తు. గుర్తు ఏమిటో గీసి ఇవ్వవలసింది పాత ఎస్టేటు కుటుంబాల కమిటీ. శుక్రవారంలోగా బొమ్మ అందకపోతే స్థలం కొన్న కంపెనీ తన సొంత గుర్తు వేసి రాయి నిలబెడుతుంది. ఉత్తరంలో ఆ మాట మర్యాదగానే రాశారు.

మా అత్తగారు ఆ స్థలంలోనే ఉన్నారు. నేను ఆవిడని చూడలేదు. మా ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు పోయారు. ఏటా ఆ రోజుకి ఆయన వెళ్ళి ఒక చెక్క పలక పాతి వచ్చేవారు. వానలకి అది కుళ్ళిపోయేది. మళ్ళీ ఏడాది కొత్తది. ఊళ్ళో అందరి తల్లులకీ రాళ్ళు చెక్కిన మనిషి తన తల్లికి చెక్కలేదు. "ఈ ఏడు చెక్కుదాం" అనేవారు. ఆ మాట ఎన్నేళ్ళు విన్నానో లెక్కపెట్టలేదు. కాబట్టి ఈ రాయి మీద మరొకరి గుర్తు కింద ఆవిడ పేరు ఉండడం నాకు ఇష్టం లేదు. అసలు విషయం అంతే.

వింత బొమ్మలు

పనిలో చేరిన కొత్తలో యజమాని నా ముందు ఐరోపా డాళ్ళ పుస్తకం ఒకటి పెట్టారు. ఆయన చీనావారు. మేమందరం ఆయన్ని తౌకే అనే పిలిచేవాళ్ళం. ఇక్కడ దుకాణం యజమానిని అలాగే పిలుస్తారు. పుస్తకంలో సింహాలూ గద్దలూ ఉంటాయనుకున్నాను. ఉన్నాయి. కానీ వాటి పక్కనే చెవుల్లోంచీ నోట్లోంచీ మంటలు వస్తున్న చిరుత ఉంది. మనిషిని నడుము దాకా మింగిన పాము ఉంది. తన రొమ్ము తానే పొడుచుకుని పిల్లలకి రక్తం తాగిస్తున్న పక్షి ఉంది. మూడు నత్తలు. ఒక ముళ్ళపంది. మనిషి లేకుండా ఒట్టి జాకెట్టు చెయ్యి. తిరగలి రాయి మధ్యలో బిగించే ఇనప ముక్క. నాకు నవ్వొచ్చింది. తౌకే నవ్వలేదు.

"నవ్వడం అయ్యాక చెప్పు, గీయడం మొదలుపెడదాం లా," అన్నారు. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

యుద్ధంలో ఇనప టోపీ పెట్టుకున్నవాడి మొహం కనపడదు. ఎవరో తెలియడానికి డాలు మీద ఏదో ఒకటి గీసుకున్నారు. తర్వాత అది కొడుకులకీ మనవలకీ వచ్చింది. కొందరు తమ ఇంటిపేరులా వినిపించే వస్తువుని గీసుకున్నారు. కొందరు తమ పొలంలో పండేది, కొందరు తమ చేతి పనిముట్టు. ఇప్పుడు ప్రతి బొమ్మ వెనకా ఒక వీరగాథ చెబుతారు. అవి చాలావరకు తర్వాత అల్లినవి. పని ఇవ్వడానికి వచ్చినవాళ్ళు చెప్పే కథని మర్యాదగా వినండి. గీసేటప్పుడు మాత్రం దాని మీద ఆధారపడకండి.

ఆధారపడవలసింది వాక్యం మీద. ప్రతి డాలుకీ రాతలో ఒక వాక్యం ఉంటుంది. రంగు ఏది, వస్తువు ఏది, ఎన్ని, ఎక్కడ, ఎటు తిరిగి ఉంది అన్నీ అందులో ఉంటాయి. పాతకాలపు ఇంగ్లీషు, మధ్యలో ఫ్రెంచి మాటలు. విసుగ్గా ఉంటుంది. కానీ ఆ వాక్యమే అసలైనది. సింహం తోక మీరు ఎలా మెలితిప్పినా ఎవరూ ఏమీ అనరు. వాక్యంలో ఉన్న ఒక్క మాట తప్పితే అది ఇంకొకరి డాలు అయిపోతుంది. కంప్యూటరులో బొమ్మలు వెతికి అతికించే మీకు ఈ వాక్యం చదివే ఓపిక తక్కువని గమనించాను. నాకూ అప్పట్లో తక్కువే.

కాళ్ళు లేని పిట్టలు

నాకు బాగా పని వచ్చేసిందనుకున్న రోజుల్లో జరిగింది ఇది. ఒక ఇంగ్లీషు పెద్దావిడ ఉత్తరం రాసింది. వాళ్ళ తాత ఇక్కడ తోటలు చూసుకుంటూ పోయాడు. పాత దొరల శ్మశానంలో ఆయన సమాధి మీది ఇత్తడి పలక అరిగిపోయింది. అలాంటిదే కొత్తది చేసి బిగించమంది. పలక ఫోటో, డాలు వాక్యం రెండూ పంపింది. ఆదివారం ప్రార్థనకి తానే వస్తానంది.

ఫోటోలో మూడు పిట్టలు. మూడింటికీ కాళ్ళు లేవు. తొడల దగ్గర చిన్న ఈకల కుచ్చులతో ఆగిపోయాయి. అరిగిపోయాయి అనుకున్నాను. వాక్యంలో పిట్ట పేరు ఉంది. ఆ పేరుకి పుస్తకంలో అర్థం చూడలేదు. పిట్టే కదా అనుకున్నాను.

మీరు గుడికి వెళ్ళే ఇళ్ళలో పుట్టినవాళ్ళయితే నా బుర్ర ఎలా పని చేసిందో తెలుస్తుంది. వేలు విరిగిన విగ్రహాన్ని మనం పూజలో ఉంచం. కాలు విరిగిన బొమ్మని గోడకి తగిలించం. బల్ల అవతల నుంచి మా ఆయన ఫోటో చూసి, "కాళ్ళు లేని పిట్టని సచ్చినోడి మీద ఎలగ పెడతాం? పాపం కాదేటి?" అన్నారు. నేను కాళ్ళు గీశాను. ముద్దొచ్చే కాళ్ళు. ఒక్కో కాలికి మూడు వేళ్ళు. ఆయన వాటిని ఎంత సన్నగా చెక్కారంటే గోళ్ళు కూడా కనిపించాయి.

శుక్రవారం పెద్దావిడ దుకాణానికి వచ్చింది. పలక చూసి ఒక పిట్ట మీద వేలు పెట్టింది. తర్వాత, "ఈ కాళ్ళు ఎక్కడివి?" అని అడిగింది.

ఆ పిట్ట నేల మీద వాలదని వాళ్ళ పాత నమ్మకం. ఇంగ్లండులో దాన్ని నాలుగో కొడుకు గుర్తుగా కూడా వాడతారు. భూమి పెద్దకొడుక్కి పోతుంది. నాలుగోవాడికి నిలబడడానికి జానెడు నేల ఉండదు. వాళ్ళ తాత నాలుగోవాడే. అందుకే ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో ఆయన్ని అందరూ ఆ పిట్ట పేరుతోనే ఏడిపించేవారట. ఇదంతా ఆవిడ కోపం లేకుండా చెప్పింది. "దయచేసి కాళ్ళు తీసేయండి," అని లేచి వెళ్ళిపోయింది.

ఇత్తడి మీద చెక్కింది చెరిగిపోదు. కొత్త పలక మీద మొదటినుంచీ చెక్కాలి. శనివారం సాయంత్రం దాకా ఇద్దరం అదే చేశాం. తౌకే పక్కనే కూర్చుని కాసేపు పేపరు చదివారు. వెళ్ళేముందు నాతో ఒక్క మాటన్నారు.

"నువ్వు పొరపాటు పడలేదు. జాలిపడ్డావు. జాలిపడమని ఆవిడ అడిగిందా?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. మంచి మనసుతో చేసిన పనికి తిట్టారనిపించింది. ఆయన మాటలో ఉన్నది అందుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకున్నాననుకున్నాక కూడా మళ్ళీ అదే తప్పు చేశాను. అది చెబుతాను.

రెండు కాగితాలు

కమిటీ ఆదివారం తెలుక్ ఇంటాన్ రామమందిరం హాల్లో కూడింది. అధ్యక్షులు సన్యాసినాయుడు గారు. ఆ ఎస్టేటు కూలీల లైను ఇళ్ళలోనే పుట్టి, చదువుకుని, ఎస్టేటు ఆస్పత్రిలో గాయాలకి కట్లు కట్టే డ్రెస్సరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఆయనకి అన్న వరస. నేను బావగారు అంటాను. మనిషి మంచివారు. మైకు అక్కర్లేని గొంతు.

ఆయన ముందే ఒక కాగితం తెచ్చారు. రెండు సింహాలు, మధ్య డాలు, పైన కిరీటం, వెనక అడ్డంగా కత్తులు, కింద రిబ్బను.

"ఎలగుంది పార్వతమ్మా? మా మనవడు కంప్యూటర్లో సేసినాడు. నువ్వు కొంచెం నైసు సేసియ్యి, సాలు."

"ఈ సింహాలు ఎవరివి బావగారూ?"

"ఎవులివేటి? మనవే లా!"

కావు. పాత ఎస్టేటు ఆఫీసు గేటు మీద ఉన్నవే అవి. కంపెనీ పెట్టిన దొర కుటుంబానివి. నేను ఆ మాట అన్నాను. ఒకే డాలు ఇద్దరు పెట్టుకున్నందుకు కోర్టులకి వెళ్ళిన కాలం ఆ దేశాల్లో ఉందనీ, ఇతరుల గుర్తు పెట్టుకోవడం ఇతరుల సంతకం పెట్టడం లాంటిదనీ చెప్పాను.

ఆయన గొంతు తగ్గింది. నాయుడు గారి గొంతు తగ్గితే హాలంతా వింటుంది.

"ఆ సింహాల కింద మా నాన్న సేతులు కట్టుకుని నిలబడినాడమ్మా. వాన పడతంటే గొడుగు ముడిసీసి నిలబడినాడు. నాను సూసినాను. ఇప్పుడా సింహాలు మా నాన్న పేరు మీద కూకోవాలి. తప్పేటి?"

ఇప్పటికీ ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేను. అయినా నా కాగితం తీశాను.

నేను గీసింది కావడి. భుజం మీద బద్ద, రెండు చివరలా రబ్బరు పాలు మోసే రెండు బాల్చీలు. ఐరోపా డాళ్ళలో దీనికి దగ్గరిది ఒకటి ఉంది. అడ్డకర్రకి వేలాడే రెండు తోలు నీళ్ళసంచులు. సైన్యానికి నీళ్ళు మోసినవాళ్ళ గుర్తు అంటారు. ముందు చూస్తే ఏమిటో అర్థం కాదు. నాకు మాత్రం మొదటి రోజే అర్థమైంది, కావడిని చూస్తూ పెరిగాను కాబట్టి. ఆ పేజీ వాళ్ళకి చూపించాను. దొరలు నీళ్ళ సంచులు డాలు మీద పెట్టుకుంటే మనం పాల బాల్చీలు పెట్టుకోకూడదా అన్నాను. గీత బాగా వచ్చింది. ఒక్క అనవసరమైన గీత లేదు. గర్వంగానే ఉన్నాను.

"కూలీ గుర్తు," అన్నారు నాయుడు గారు. "మా పిల్లలు లాయర్లూ డాక్టర్లూ అయినారు. వాళ్ళ పేర్ల మీద బాల్చీలా? తక్ బోలే లా, పార్వతమ్మా. కుదరదు."

హాలు రెండుగా చీలింది. క్లాంగ్ పట్టణం నుంచి వచ్చిన కుర్రకారు నా వైపు. ముసలివాళ్ళు సింహాల వైపు. చివరికి ఎవరో అన్నారు, "పైడమ్మని అడిగితే?" ఆ ఎస్టేటులో రబ్బరు పాలు తీసినవాళ్ళలో మిగిలిన అందరికన్నా పెద్దది ఆవిడ. ఎనభై తొమ్మిదేళ్ళు. సరేనన్నాం. నాయుడు గారూ నేనూ ఇద్దరం మనసులో గెలిచామనే అనుకున్నాం.

పైడమ్మత్త

బుధవారం పొద్దున్న వెళ్ళాం. పట్టణం చివర ఫ్లాట్లలో మనవరాలి ఇంట్లో ఉంటుంది ఆవిడ. వరసలతో పని లేకుండా అందరం అత్త అనే పిలుస్తాం. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. మునిమనవరాలు కవిత, పదమూడేళ్ళ పిల్ల, స్కూలు సెలవలు కావడంతో సోఫాలో ఫోను చూసుకుంటోంది.

ముందు నా కాగితం ఇచ్చాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేటి, కావడా?"

"అవునత్తా."

"రాయి మీద పెడతారా?"

"పేర్లకి పైన."

కాగితం ఒళ్ళో పెట్టుకుని చీర పక్కకి జరిపి కుడి భుజం చూపించింది. మెడ కింద నిమ్మకాయంత గట్టి బుడిపె. ఎముక కాదు. ఏళ్ళ తరబడి బద్ద ఒరుసుకున్న చోట కండ అలా తేలింది.

"ముట్టుకో."

ముట్టుకున్నాను.

"పొద్దు పొడవకముందు ఎల్లి, ఆ బాల్చీలు నిండినాక కొండ దిగి రావాల. తొణికితే పని సూసీ మండోరు తిట్టీవోడు. కడుపుతో ఉన్నప్పుడూ మోసినాను. బతికినన్నాళ్ళూ మోసినాను. సచ్చినాక కూడా మొయ్యాలేటే?"

తౌకే మాట అప్పుడు అందింది. ఈసారి నేను పడింది జాలి కాదు, గౌరవం అనుకున్నాను. పేరు వేరు, చేసిన పని ఒకటే. ఎవరిదో బతుకు, అడగకుండా నేనే గీసేశాను. కావడిని నేను చూశాను కానీ ఏనాడూ మోయలేదు. మా నాన్న ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా.

నాయుడు గారు గొంతు సవరించుకున్నారు. "సూసినావా, నాను ముందే సెప్పినాను. సింహమే మంచిది అత్తా." తన కాగితం అందించారు.

"సింహాన్ని ఎవులు సూసినారురా? మన తోటలో పులి తిరిగీది. దాన్నీ పెట్టొద్దు. దాన్ని సూసి మీ మావ పంచె తడుపుకున్నాడు."

కవిత ఫోనులోంచి తలెత్తి నవ్వింది. మాట్లాడదు గానీ పిల్లకి తెలుగు అర్థమవుతుందని అప్పుడు తెలిసింది.

"ఏటీ వొద్దు. పేర్లు సాలవా?" అంది పైడమ్మత్త.

నా మనసుకి నచ్చిన మాట అది. అలంకారం మీద నాకు నమ్మకం లేదు. నా ఇష్టం ప్రకారమైతే పేర్లు చాలు. కానీ ఉత్తరంలో ఉన్నది చెప్పక తప్పలేదు. "ఖాళీ వదిలితే కంపెనీ వాళ్ళు తమ గుర్తు వేస్తారత్తా."

"అయితే ఖాళీ వొదలొద్దు."

చిక్కుళ్ళ గిన్నె కింద పెట్టింది. మొదటే అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను. "ఎస్టేటులో మీకు ఇది మాది అనుకునేది ఏముండేది?"

వేళ్ళు మడుస్తూ ఆలోచించింది. "సెట్లు కంపెనీవి. కత్తి కంపెనీది. బాల్చీ కంపెనీదే. ఇల్లూ కంపెనీదే, గోడకి మేకు కొట్టినా అడిగీవోరు." నాలుగో వేలి దగ్గర ఆగింది. "ఆదివారం మద్దేనం మాది."

"ఆదివారం ఏం చేసేవారు?"

"ఏటి సేస్తాం? మెట్ల మీద కూకుని పేలు తీసుకునీవోళ్ళం."

నాయుడు గారు నవ్వబోయి మానేశారు. ఆవిడ చెబుతూనే ఉంది. లైను ఇంటి మెట్ల మీద ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చునేవారు. ముందున్నామె తల వెనకామె చేతిలో. మెట్టుకి ఒకరు. పెళ్ళిళ్ళు అక్కడే కుదిరేవి. తగువులు అక్కడే తీరేవి, తల ఎదుటివాళ్ళ చేతిలో ఉంటే ఎంతసేపని పోట్లాడతారు? లైనంతటికీ మంచి దువ్వెన ఒకటే. ఎవరో ముసలామె విశాఖపట్నంలో ఓడెక్కినప్పుడు కొంగున కట్టుకొచ్చిన చెక్క దువ్వెన. చేతులు మారుతూ వచ్చింది.

"నా యెనకాల మీ అత్త కూకునీది," అంది నా వైపు తిరిగి. "అప్పన్న తల్లి. సెయ్యి మెత్తన. సిక్కు పడితే లాగీది కాదు, ఓపిగ్గా ఇప్పీది. నాకు నిద్దరొచ్చీసీది."

మా అత్తగారి గురించి మా ఆయన నాకు చెప్పినవి రెండో మూడో మాటలు. జ్వరం, ఆస్పత్రి, వాన. ఆవిడకి చేతులున్నాయని, ఆ చేతులు ఎలా ఉండేవో ఒకరికి గుర్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆయన ఉంటే ఈ మాట వినేవారు. ఆ సంగతి మీద ఇంకేమీ రాయను.

పైడమ్మత్త లేచి బీరువాలోంచి బిస్కట్ల డబ్బా తీసింది. గుడ్డలో చుట్టిన దువ్వెన. రెండు వైపులా పళ్ళు. నల్లబడి నున్నగా అయిపోయింది. ఒక వైపు రెండు పళ్ళు విరిగాయి.

"ఇది పెట్టు," అంది.

"పేల దువ్వెనా!" నాయుడు గారు లేచి నిలబడ్డారు. "సమాధి రాయి మీదా! మలాయివోళ్ళు, చీనావోళ్ళు సూసి నవ్వరేటి? మన పరువేటవ్వాల?"

"ఒరే సన్యాసీ, కూకో. నీ తల్లో పేలు తీసింది ఎవులనుకున్నావు?"

ఆయన కూర్చున్నారు.

"మేష్టరు నిన్ను బడి గుమ్మం బయట నిలబెట్టీసినాడు, పేలున్నాయని. ఏడుసుకుంటా ఒచ్చినావు. మరి బడికెల్లనన్నావు. నా ఒళ్ళో తలెట్టుకుని పొద్దుగూకీదాకా ఉన్నావు. మర్నాడు ఎల్లినావు. ఎల్లబట్టే డ్రెస్సరువైనావు. అవునా, కాదా?"

నాయుడు గారి చెయ్యి దానంతట అదే తల మీదికి వెళ్ళింది. అక్కడ ఇప్పుడు వెంట్రుక లేదు.

"ఇప్పుడు తియ్యడానికి ఏటీ నేదులే," అంది పైడమ్మత్త. కవిత పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు చెప్పాను. ఐరోపా డాళ్ళ మీద దువ్వెనలు ఉన్నాయి. ఉన్ని దువ్వేవి ఉన్నాయి, జుట్టు దువ్వుకునేవీ ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ సిగ్గుపడలేదు.

"నిజంగానా? దొరలేనా?" అన్నారు నాయుడు గారు.

"పుస్తకం చూపిస్తాను."

"రేపు పొద్దున్న కమిటీకి పట్టుకురా. మాట్లాడీది నాను. నువ్వు మాట్లాడితే నిద్దరోతారు."

గీత

దువ్వెనని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాను. ముప్పై ఆరేళ్ళలో ఇంత తేలికైన గీత గీయలేదు. విరిగిన పళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపాను. ఈసారి అడిగాను. "ఉన్నట్టు గీయనా అత్తా, నిండుగా గీయనా?"

"నిండుగా గియ్యి. అప్పుడు నిండుగానే ఉండీది."

గురువారం కమిటీలో నాయుడు గారు మాట్లాడారు. సింహాల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బడి గుమ్మం బయట నిలబడిన సంగతి తానే అందరికీ చెప్పారు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన లేచి, దువ్వెన పైన చిన్న కిరీటమైనా పెట్టమన్నాడు. ఇంకొకరు ఒక్కో పన్ను ఒక్కో కుటుంబం అని రాద్దామన్నారు. రెండూ ఒప్పుకోలేదు. "పళ్ళు పేల కోసం," అన్నాను. బొమ్మతో పాటు దాని వాక్యం కూడా రాసిచ్చాను: నల్ల రాయి మీద, నిలువుగా, రెండు వైపులా పళ్ళున్న ఒక దువ్వెన. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేదు.

శుక్రవారం పొద్దున్నే పంపాం. మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోను వచ్చింది, అది నిచ్చెనా గేటా అని. జవాబు నాయుడు గారే చెప్పారు. వీధి అవతలికి వినపడేలా చెప్పారు.

రాయి చెక్కింది మీ యంత్రమే. మా ఆయన ఉలి అయితే బాగుండేదని అనుకోలేదా అంటే అనుకున్నాను. కానీ దువ్వెన పళ్ళు సూటిగా ఉండాలి. మీ యంత్రం సూటిగా తీసింది. నాకు ఫిర్యాదు లేదు.

మీరు అడిగినదానికి జవాబు ఇదీ. చెయ్యి తిరగడం రెండు మూడేళ్ళలో వస్తుంది. వాక్యం చదవడం ఓపిక ఉంటే వస్తుంది. గుర్తు ఎవరిదో వాళ్ళని అడగడం మాత్రం బాగా పని వచ్చినవాళ్ళే మర్చిపోతారు. మీకు పని బాగా వచ్చిన రోజున ఈ కాగితం ఇంకోసారి చదవండి.

రాయి

అస్థులు పెట్టి, పూజ ముగించి, అందరం కాళ్ళూ చేతులూ కడుక్కుని గేటు పక్కన రేకుల షెడ్డులోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆదివారం. అక్కడినుంచి రాయి కనిపిస్తుంది. పేర్లలో నాలుగో వరసలో మా అత్తగారి పేరు ఉంది. లోతుగా, వానకి చెరగకుండా.

భోజనాలయ్యాక కవిత రాయి దగ్గరికి వెళ్ళి చూసి వచ్చింది. పైడమ్మత్త ముందు నిలబడి, వచ్చీ రాని తెలుగులో అడిగింది. "తాతమ్మా, దాంతో... ఎలగ సేస్తారు?"

"ఇలగ కూకో గుంటా."

షెడ్డుకి మూడు మెట్లు. పిల్ల కింద మెట్టు మీద కూర్చుంది. పైడమ్మత్త మధ్య మెట్టు మీదికి దిగి కూర్చుని, గుడ్డ విప్పి దువ్వెన తీసి, పిల్ల జడ విప్పడం మొదలుపెట్టింది.

"ఇక్కడా?" అన్నారు నాయుడు గారు. "శ్మశానం గేటు కాడ జుట్టిప్పుతారేటే?"

"ఎవులున్నారురా ఇక్కడ? మనోళ్ళే."

కవిత ఫోను పక్కన పెట్టింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు టీ కప్పులు పట్టుకుని చుట్టూ చేరారు. పైడమ్మత్త దువ్వుతూనే ఉంది, తల ఎత్తకుండా. కాసేపటికి, ఎవరితోనో తెలియకుండా, "నా యెనకాల ఎవులూ నేరు," అంది.

నేను కప్పు కింద పెట్టి, చెప్పులు విప్పి, ఆవిడ వెనక మెట్టు మీద కూర్చున్నాను. ముడి విప్పాను. తెల్లటి జుట్టు, పల్చగా, చిక్కుపడి ఉంది. లాగకుండా, వేళ్ళతో మెల్లగా విప్పడం మొదలుపెట్టాను.